ఎక్స్‌రేలో కంప్యూటర్ గీసిన ఎర్ర పెట్టె: నాన్నగారికి సీటీ తీయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ముప్పై ఏళ్లు చుట్టలు కాల్చి, ఐదేళ్ల క్రితం మానేశారు. నెల రోజులుగా దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించాం. దాన్ని ఏఐ ప్రోగ్రాం చదివిందట. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఎర్ర పెట్టె గీసి ‘నాడ్యూల్ (చిన్న గడ్డలాంటి మచ్చ) అనుమానం’ అని రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు సీటీ స్కాన్ రాశారు. ఆరు నెలల క్రితమే కిడ్నీలో రాయి కోసం పొట్ట సీటీ తీశారు. ఒక్క సీటీ 400 ఎక్స్‌రేలతో సమానమని మా బాబాయి వాట్సాప్‌లో పంపారు. ‘ఒక మెషిన్ చెప్పిందని ఇంకో మెషిన్‌లో దూరను’ అని నాన్నగారు మొండికేశారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తీయించండమ్మా, ఈ వారంలోనే. కంప్యూటర్ చెప్పిందని కాదు. ఆ ఎర్ర పెట్టె పడకపోయినా, ముప్పై ఏళ్లు చుట్టలు కాల్చిన మనిషికి నెల రోజుల దగ్గంటే నేను తేలిగ్గా వదిలేవాణ్ని కాదు. అలాగే కళ్లె పరీక్ష కూడా చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికి ఉన్నా క్షయ ఉందో లేదో చూడాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు.

ఇక బాబాయిగారి 400 సంగతి. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, కాస్త జ్వరం వచ్చినవాళ్లు కూడా స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరారు. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే డాక్టర్ల (రేడియాలజిస్టుల) సంఘం వెంటనే అభ్యంతరం చెప్పింది. కొత్త యంత్రాలతో, తక్కువ మోతాదులో తీస్తే అది ఐదు నుంచి పది ఎక్స్‌రేలకు సమానమంది. ఏ యంత్రం, ఏ సెట్టింగు, ఎలాంటి ఎక్స్‌రేతో పోల్చారు అన్నదాన్ని బట్టి అంకె అంతలా మారిపోతుంది. అవసరం లేని స్కాన్ వద్దని గులేరియా చెప్పిన మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ సరైనదే. వాట్సాప్‌లో ఆ మాట రాలిపోయి అంకె ఒక్కటే తిరుగుతోంది.

రేడియేషన్‌ను మేం మిల్లీసీవర్ట్‌లలో లెక్కిస్తాం. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లేదా అంతకంటే తక్కువ. మామూలు ఛాతీ సీటీకి ఐదు నుంచి ఏడు, తక్కువ మోతాదులో తీస్తే సుమారు ఒకటిన్నర. పది మిల్లీసీవర్ట్‌ల స్కాన్ రెండు వేల మందికి తీస్తే, వారిలో ఒకరికి ఎప్పుడో ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ అంచనా. ఆ రెండు వేల మందిలో స్కాన్‌తో సంబంధం లేకుండానే క్యాన్సర్‌తో పోయేవారు దాదాపు 400 మంది ఉంటారు. పైగా ఈ ముప్పు బయటపడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి చిన్నపిల్లల విషయంలో మేం పడే భయం 62 ఏళ్ల మనిషి విషయంలో పడం.

ఆరు నెలల నాటి స్కాన్ కవరు బీరువాలోంచి తీయండి. ఫిల్ము చివర్లో గానీ సీడీలో గానీ చిన్న పట్టిక ఉంటుంది. ఎవరూ చూడరు దాన్ని. అందులో ‘డీఎల్‌పీ’ అని ఇంగ్లిష్ అక్షరాల పక్కన ఒక అంకె కనిపిస్తుంది, ఆ స్కాన్ మొత్తం మోతాదును చెప్పేది అదే. పొట్ట స్కానైతే దాన్ని 0.015తో, ఛాతీదైతే 0.014తో గుణించండి. పొట్ట స్కాన్‌లో 600 అని ఉంటే తొమ్మిది మిల్లీసీవర్ట్‌లన్నమాట. ఈ లెక్క తెలుసుకోవడానికే తప్ప కొత్త స్కాన్ మానడానికి కాదు. నిన్నటి మోతాదు ఎంతైనా, ఈ రోజు స్కాన్ అవసరమా కాదా అన్నది ఈ రోజు జబ్బును బట్టే తేలాలి. కిడ్నీ రాయి కోసం మాత్రం ఇకమీదట వీలైనప్పుడల్లా అల్ట్రాసౌండ్ చాలేమో అడగండి. అందులో రేడియేషనే లేదు.

యంత్రాల మీద మీ నాన్నగారి అనుమానాన్ని నేను కొట్టిపారేయను. 2009లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో 206 మందికి మెదడు సీటీలో ఉండాల్సిన దానికి ఎనిమిది రెట్ల రేడియేషన్ ఇచ్చారని బయటపడింది. యంత్రం చెడిపోలేదు. సెట్టింగులు మార్చినప్పుడు పొరపాటు జరిగింది, పద్దెనిమిది నెలలు ఎవరూ గమనించలేదు. ఒక రోగికి జుట్టు ఊడాక తెలిసింది. అందుకే ఆ పట్టికను చూసే అలవాటు రోగికీ ఉండాలంటాను.

ఇప్పుడు ఆ ఎర్ర పెట్టె. ఎక్స్‌రేలో క్షయను వెదకడానికి ఇలాంటి ప్రోగ్రాములు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. స్వీడన్‌లో 80 వేల మందికి పైగా మహిళల రొమ్ము ఎక్స్‌రేలతో జరిపిన పరీక్షలో, ఏఐ సాయం తీసుకున్నప్పుడు దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు, డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. వెదకడంలో అది దిట్ట. కానీ ఏం చూసి అనుమానిస్తోందో దానికే తెలియదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడాన్ని గుర్తుపట్టే ఒక ప్రోగ్రామును పరీక్షిస్తే, అది జబ్బును కాక, వైద్యం కోసం డాక్టర్లు అప్పటికే పెట్టిన గొట్టాన్ని చూసి ‘ఉంది’ అంటోందని తేలింది. నా దగ్గరికీ ఒకసారి ఓ అమ్మాయి ఎక్స్‌రే వచ్చింది, ఊపిరితిత్తి కొస మీద పెట్టెతో. తీరా చూస్తే అది భుజం మీదుగా పడిన జడ నీడ! జడ పైకి ముడి వేసి మళ్లీ తీస్తే ఏమీ లేదు. మగవాళ్లలో చనుమొన నీడ కూడా ఇలాగే మోసం చేస్తుంది, అయితే అది కింది భాగంలో పడుతుంది. మీ నాన్నగారిది పైభాగం కాబట్టి ఆ సాకు చెప్పలేం. మానిపోయిన పాత క్షయ మచ్చ అయ్యే అవకాశం మాత్రం బాగానే ఉంది.

నా సంగతీ చెప్పాలి. పెట్టె కళ్ల ముందుంటే నా చూపూ దాని మీదికే పోతుంది. అందుకని ముందు పెట్టెలు ఆపేసి ఫిల్ము చూస్తాను, ఆ తర్వాతే కంప్యూటర్ ఏమందో చూస్తాను. మీ రిపోర్టు కింద రేడియాలజిస్టు సంతకం ఉందా? లేకపోతే అది ఇంకా రిపోర్టు కాదు. చదివి సంతకం చేయించమని అడగండి.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పాత ఛాతీ ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్లండి, పదేళ్ల నాటివైనా సరే. అదే చోట అదే మచ్చ రెండేళ్లకు పైగా పెరగకుండా ఉంటే సగం భయం అక్కడే తీరిపోతుంది. ఆ సెంటర్‌కు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉందా, తక్కువ మోతాదులో తీస్తారా అని అడగండి, మొహమాటపడకండి. స్కాన్‌లో స్పష్టత కోసం రక్తనాళంలోకి ఎక్కించే మందు లేకుండానే నాడ్యూల్ బాగా కనిపిస్తుంది. స్కాన్ అయ్యాక రేడియేషన్ ఒంట్లో మిగలదు కనుక, దాన్ని కడిగేయడానికి కొబ్బరినీళ్ల వైద్యం ఏమీ అక్కర్లేదు. ఇష్టమైతే తాగనివ్వండి.

గాలి బాగా పీల్చి పట్టుకోమంటారు, పది సెకన్లలో అయిపోతుంది. మధ్యలో దగ్గు వస్తుందేమోనని నాన్నగారికి బెంగ ఉంటే టెక్నీషియన్‌కు ముందే చెప్పమనండి. దగ్గు సర్దుకునేదాకా ఆగి తీస్తారు.