లావు నెక్ గిటారు కొన్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. వైజాగ్‌లో కొన్న ఆ పాతకాలం మోడల్ గిటారు మోత బ్రహ్మాండంగా ఉందన్నావు, నెక్ (చేత్తో పట్టుకునే పొడుగు భాగం) మాత్రం రోకలి పట్టుకున్నట్టుందన్నావు. ఎఫ్ కార్డ్, అదే చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు, కాసేపు పట్టేసరికి బొటనవేలి మొదట్లో సలుపు వస్తోందట. గుణుపూర్‌లో మీ హాస్టల్ దగ్గర వడ్రంగి ఎవరో నెక్ వెనక రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టి సన్నం చేసిస్తానన్నాడని కూడా చెప్పావు. మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ వడ్రంగికి వద్దని చెప్పెయ్.

ఆ లావు ఊరికే పెట్టింది కాదు. మామూలు 12 గేజ్ సెట్ (గేజ్ అంటే తీగ మందం) కడితే ఆరు తీగలూ కలిసి డెబ్బై కిలోలకు పైగా బలంతో నెక్‌ని లాగుతాయి. ఇప్పటి గిటార్లలో ఆ లాగుడుని సరిచేసుకోడానికి లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఉంటుంది. గిటార్ల కంపెనీ గిబ్సన్ వాళ్లు దాన్ని 1920లలోనే తెచ్చారు. ఇంకో కంపెనీ మార్టిన్ వాళ్లు మాత్రం 1985 దాకా తిప్పి సరిచేసుకునే రాడ్ జోలికే పోలేదు, కదలని ఉక్కు బద్ద వేసి సరిపెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో లోహం దొరక్క ఆ ఉక్కు బదులు ఎబొనీ చెక్క వేశారు. గిబ్సన్ వాళ్లు కూడా ఆ రోజుల్లో చాలా గిటార్లు రాడ్ లేకుండానే చేశారు. భారమంతా చెక్కే మోయాలి కాబట్టి యుద్ధకాలం గిబ్సన్ నెక్కులు అంత లావుగా ఉంటాయి. నువ్వు కొన్నది ఆ పాత పద్ధతిలో చేసిన కొత్త గిటారు. దాన్లో రాడ్ ఉండే ఉంటుంది, అయినా ఆ పట్టు కోరుకునేవాళ్ల కోసం లావు అలాగే ఉంచుతారు.

నువ్వు ఇంజినీరింగ్ పిల్లవి, ఈ లెక్క నీకు తెలిసిందే: వంగకుండా ఆపే బలం మందం క్యూబ్‌తో మారుతుంది. 24 మిల్లీమీటర్ల నెక్‌ని 22కి దించితే దాదాపు నాలుగో వంతు బలం పోతుంది. పైగా రాడ్ గాడి వెనక చెక్క ఎంత మిగిలుందో బయటికి కనపడదు. చిత్రిక ఆ గాడి దాకా దిగిందంటే ఇక దాన్ని గోడకి తగిలించుకోవడమే.

నాకైతే అనుమానం నెక్ మీద కాదు, నట్ మీద, అంటే నెక్ తల దగ్గర తీగలు ఆనే చిన్న బద్ద మీద. మొదటి రెండు మూడు ఫ్రెట్లలోనే (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) నొప్పి, పైకి వెళ్తే హాయిగా ఉందన్నావు చూడు, అది నట్ ఎత్తుగా ఉందనడానికి గుర్తు. ఒక పని చెయ్. ఒక్కో తీగనీ రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందు ఉందో చూడు. పల్చటి కాగితమంత సందు చాలు. విజిటింగ్ కార్డు దూరిపోతే నట్ గాడులు లోతు చెయ్యాల్సిందే. ఎత్తు నట్‌తో ఎఫ్ పట్టడం ఎంత సన్నటి నెక్ మీదైనా శిక్షే. షాపులో ఎవరూ ఇది చూడరు, కొనేవాడూ నెక్‌నే తిట్టుకుంటాడు.

అక్కడ సరిగ్గా ఉంటే 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టు. లావు తీగ కింద రెండున్నర, సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్లు ఉంటే మంచిది. ఎక్కువుంటే సాడిల్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే బద్ద) అడుగున అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలని గుర్తుంచుకో. కానీ ఇప్పుడే ముట్టుకోకు. వానాకాలంలో తేమకి పైచెక్క కాస్త ఉబ్బి తీగలు లేస్తాయి, వంశధార గట్టున ఉన్న ఊళ్లో ఆ తేమ సంగతి వేరే చెప్పాలా. ఇప్పుడు అరగదీస్తే శీతాకాలంలో తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి. అందాకా కేస్ మూసే ఉంచు, లోపల సిలికా జెల్ సంచులు రెండు పడెయ్.

ఇక చెయ్యి. సన్న నెక్ మీద నేర్చుకున్న అలవాటుకి నువ్వు బొటనవేలిని పైకి కొక్కెంలా వేసి అరచేతిని నెక్‌కి ఆనించేస్తున్నావు. లావు నెక్‌కి, అందులోనూ వెనక వీ ఆకారంలో గట్టు ఉన్నదానికి, చిన్న చెయ్యి అలా పనికిరాదు. బొటనవేలి మెత్తటి భాగాన్ని నెక్ వెనక మధ్యవేలికి ఎదురుగా ఉంచు. గట్టు మీద నేరుగా వద్దు, కాస్త లావు తీగల వైపు ఆనించు, లేకపోతే వేలి కణుపు నలుగుతుంది. అరచేతికీ నెక్‌కీ మధ్య గాలి ఆడాలి. తర్వాత, కుడి ముంజేత్తో గిటారు ఒంటిని నీ వైపు ఒత్తి పట్టి, బొటనవేలు పూర్తిగా తీసేసి ఎఫ్ పట్టి చూడు. చెయ్యి బరువుతోనే చాలా వరకు మోగుతుంది. అది మోగాక బొటనవేలిని మెల్లగా తెచ్చి ఊరికే తాకించు. నలిపి పట్టడం ఎంత అనవసరమో వేలికే తెలుస్తుంది.

నెక్ నేలకి సమాంతరంగా ఉంటే మణికట్టు మడత పడుతుంది. కూర్చున్నా సరే స్ట్రాప్ వేసుకో, గిటారు తల భాగం భుజం ఎత్తుకి రావాలి. చర్చిలో నిలబడి వాయించేటప్పుడు కూడా స్ట్రాప్ పొట్టిగానే ఉండాలి. నడుం కిందకి వేలాడేసి వాయించే స్టయిలు స్టేజీ కుర్రాళ్లకి వదిలెయ్.

ఈ నెలంతా గిటారుని ఒక సెమీటోన్ (అర స్వరం) దించి, మొదటి ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకో. తీగల బిగువు పదకొండు శాతం దాకా తగ్గుతుంది, క్వయర్‌తో శ్రుతి మాత్రం మారదు. నట్ ఎత్తు బాధ కూడా క్యాపో ఉన్నంతసేపూ ఉండదు. పెద్ద ఎఫ్ బదులు కింది నాలుగు తీగల మీద చిన్న ఎఫ్ వాయించు. పాడేవాళ్లు పదిమంది ఉన్నప్పుడు ఆ రెండు లావు తీగలు మోగలేదని ఎవరూ అడగరు, రాత్రంతా మెలోడీ పార్టీలో వాయించిన మనిషిగా చెప్తున్నా. ఇవన్నీ చేసినా బరువనిపిస్తే ఇంకా సన్నటి 10 గేజ్ తీగలు కట్టు. వాటితో మోత తగ్గుతుంది. ఆ మోత కోసమే కదా ఇది కొన్నావు, అందుకే దాన్ని చివరికి ఉంచాను.

సన్న నెక్ చిన్న చేతికి సుఖమని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మరీ సన్నమైతే చెయ్యి ముడుచుకుపోయి ఇంకా గట్టిగా నొక్కుతుంది. లావుది చేతికి ఆసరా ఇస్తుంది, గంటసేపు వాయించాక ఆ తేడా తెలుస్తుంది. అలాగని పట్టుదలకి పోవద్దు. నట్ సరిచేసి, పట్టు మార్చి రెండు నెలలు వాయించాక కూడా సలుపు తగ్గకపోతే అమ్మేసి వేరేది చూద్దాం. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం ఆ రోజుకే ఆపి డాక్టరుకి చూపించు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు రైల్లో గిటారు తెచ్చెయ్, తీగలు రెండు చుట్లు వదులు చేసి. ఎముక నట్‌కి ఆకారం మన ఊరి కొమ్ము పనివాళ్ల దగ్గర తీయిస్తాను, గాడులు నేనే కోస్తాను. ఇప్పుడున్న నట్ పారెయ్యకు, తీగల మధ్య దూరం దాన్నుంచే కొలుచుకోవాలి. ఈలోగా కొత్త తీగలు కట్టినా పాతవి దాచి తీసుకురా, గాడి వెడల్పు చూసుకోడానికి కావాలి.

ఆశీస్సులతో,
మావయ్య