వీల్‌చైర్ దిగకుండా థీమ్ పార్కు రైడ్లు ఎక్కవచ్చా? మొబిలిటీ స్కూటర్ (నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి) అయితే?

కొన్ని ఎక్కవచ్చు, అన్నీ కుదరవు. రోలర్ కోస్టర్ లాంటి వాటిలో వీల్‌చైర్ నుంచి రైడ్ సీటులోకి మారాల్సిందే, ఎందుకంటే ఒంటిని పట్టి ఉంచే బార్లు, బెల్టులు ఆ సీటుకే బిగించి ఉంటాయి. సిబ్బంది సాధారణంగా ఎత్తి కూర్చోబెట్టరు, తోడు వచ్చినవాళ్లే సాయం చేయాలి. రైడ్ మధ్యలో ఆగితే మెట్లు దిగగలరా అని కూడా సిబ్బంది మిమ్మల్ని అడగవచ్చు. వినడానికి బాధగానే ఉంటుంది, కానీ పైన చిక్కుకుంటే చాలాసార్లు ఉన్న దారి ఆ ఇరుకు మెట్లే.

స్కూటర్‌తో ఇంకా కష్టం. పొడవు ఎక్కువ, తిప్పడానికి చోటు చాలదు. అందుకని చాలాచోట్ల దాన్ని బయటే ఆపి మామూలు వీల్‌చైర్‌లోకి మారమంటారు.

కుర్చీతోనే ఎక్కనిచ్చేవి ఎక్కువగా నెమ్మదిగా సాగే బోట్లు, రైళ్లు, రంగులరాట్నాలు. టెక్సస్‌లో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అనే పార్కును అయితే వికలాంగులను దృష్టిలో పెట్టుకునే కట్టారు. టికెట్ కొనేముందే పార్కు యాక్సెసిబిలిటీ గైడ్ (వికలాంగులకు ఉన్న సౌకర్యాలు, నియమాల వివరాలు) చూడండి, ఏ రైడ్‌కు ఏ నియమమో అందులో విడివిడిగా రాసి ఉంటుంది.