పాత క్యామ్రీకి ఎంత అడగాలి?

తమ్ముడూ, నాకంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. 2012 క్యామ్రీ, టైముకి ఆయిల్ మార్పించావు, ఒక్క యాక్సిడెంట్ లేదు, అయినా అమ్మబోతే డీలర్ ఇస్తానన్న తక్కువ ధర వింటే ఒళ్లు మండిందని రాశావు. మండుతుంది మరి. అంత పాత కారును చాలామంది డీలర్లు తమ దగ్గర పెట్టుకోరు, వేలానికి పంపేస్తారు. నీ శ్రద్ధకు విలువ కట్టేది సొంతానికి కొనుక్కునేవాడే. అదీ కాగితం చూపిస్తేనే.

ఆ సంగతి నాకు తెలిసింది డబ్బు పోయాకే. అమెరికా వచ్చిన కొత్తలో కొన్న ఆరు సిలిండర్ల అకార్డ్‌ను కంటికి రెప్పలా చూసుకున్నాను. పనంతా ఓ చిన్న గరాజ్‌లో, నగదు ఇచ్చి చేయించేవాణ్ణి, చవక కదా అని. రసీదులు దాచుకోవాలన్న ఆలోచనే లేదు. కొనడానికి వచ్చినాయన ఒకటే అడిగాడు: టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్పించావు? మార్పించానన్నాను. కాగితం చూపించమన్నాడు. కారు చరిత్ర చూపించే కార్‌ఫ్యాక్స్ సైట్‌లో చూస్తే అక్కడా ఏమీ లేదు, ఆ గరాజ్ వాళ్లు అందులో ఎక్కించరు. బెల్ట్ మార్చడానికి ఎంతవుతుందో అంతా ధరలోంచి కోసేశాడు. ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టినట్టయింది. ఇప్పటికీ తలుచుకుంటే నిద్ర పట్టదు, మా ఆవిడ నవ్వుతుంది. నీ క్యామ్రీకి బెల్ట్ గొడవ లేదు, దాని బదులు చెయిన్ ఉంటుంది. కానీ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, బ్రేకులు, బ్యాటరీ, టైర్ల రసీదులన్నీ వెతికి తేదీల వరసలో ఓ ఫైల్‌లో పెట్టు. పోయినవాటికి గరాజ్‌కి వెళ్లి ప్రింట్ అడుగు, సిగ్గుపడకు.

అమ్మేముందు కొత్త టైర్లు వేయించకు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. శుభ్రంగా కడిగించు, చాలు. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంటే మాత్రం బాగు చేయించు. కారు కంప్యూటర్‌లో నమోదైన ఆ లోపం కోడ్ చెరిపేసి అమ్ముదామన్న తెలివి పనికిరాదు. 1996 నుంచి ఇక్కడి కార్లన్నిటికీ ఓబీడీ పోర్ట్, అంటే ఆ కోడ్‌లు చదివే సాకెట్ ఉంది, దానికి చిన్న స్కానర్ పెడితే ఈమధ్యే చెరిపారని తెలిసిపోతుంది. ఆ తర్వాత నీ ఫైల్‌ని ఎవరూ నమ్మరు.

ధర కోసం పాత కార్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్ సైట్ చూడు. మనవాళ్లు డీలర్ ప్రకటనలో ఉన్న ధరే తమదీ అనుకుని నెలలు కూర్చుంటారు. నువ్వు చూడాల్సింది ప్రైవేట్ పార్టీ ధర, అంటే డీలర్ లేకుండా నేరుగా ఇంకొకరికి అమ్మే ధర. వెంటనే ఇంకో కారు కొనే ఉద్దేశం ఉంటే లెక్క మారుతుంది: చాలా రాష్ట్రాల్లో పాత కారును ఆ డీలర్‌కే ట్రేడ్-ఇన్‌గా, అంటే కొత్తదాని ధరలో సర్దుబాటుకి ఇస్తే ఆ మేరకు కొత్త కారు మీద సేల్స్ టాక్స్ తగ్గుతుంది, కాలిఫోర్నియాలో తగ్గదు. ఆ మిగులు కూడా కలుపుకుని డీలర్ ధరను చూడు.

ఇక టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం. ఈ రాత్రే బయటికి తీసి చదువు. మా ఇద్దరి పేర్ల మధ్య 'అండ్' అని ఉందని నేను చూసుకోలేదు. చాలా రాష్ట్రాల్లో అలా ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. మా ఆవిడ అప్పుడు ఇండియాలో ఉంది. మంచి ధర ఇస్తానన్న మనిషి ఆగలేక వెళ్లిపోయాడు. పవర్ ఆఫ్ అటార్నీ కాగితం కొరియర్‌లో వచ్చేదాకా కారు పార్కింగ్‌లో ఉంది, ఇన్సూరెన్స్ కడుతూనే ఉన్నాను. చివరికి ఇంకొకాయనకు తక్కువకే ఇచ్చాను. ఒకమాట: టైటిల్ మీద కొట్టివేతలు చేస్తే చాలాచోట్ల అది చెల్లదు, డూప్లికేట్ కోసం తిరగాలి. 2011, ఆ తర్వాతి మోడళ్లకు ఇరవై ఏళ్లపాటు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వడం తప్పనిసరి. మిగతా రూల్స్ మీ రాష్ట్రం డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ శాఖ) సైట్‌లో ఉంటాయి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. "అన్నా, మనవాళ్లమే కదా, నెలనెలా ఇస్తాను" అంటే నవ్వి ఊరుకో. నేను అలా ఇచ్చిన ఓ కారుకు చివరి వాయిదాలు ఇప్పటికీ రాలేదు, ఆ పెద్దమనిషి పండగలకు మాత్రం గ్రీటింగ్స్ పంపుతాడు. క్యాషియర్స్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్) తెస్తే ఖాతాలో పడింది కదా అని సంబరపడకు. దొంగ చెక్ అయితే వారాల తర్వాత కూడా బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగేసుకుంటుంది. కొనేవాళ్ల బ్యాంకుకే ఇద్దరూ వెళ్లండి, కౌంటర్ దగ్గర నీ కళ్లముందే చెక్ రాయించు. అప్పుడు సంతకం పెట్టు.

అమ్మిన రోజే రిలీజ్ ఆఫ్ లయబిలిటీ (కారు అమ్మేశానని డీఎంవీకి తెలిపే ఫారం) ఆన్‌లైన్‌లో పెట్టేయ్, లేకపోతే కొన్నవాళ్ల టోల్ బిల్లులు నీకొస్తాయి. న్యూయార్క్‌లాంటి చోట్ల నంబర్ ప్లేట్లు అప్పగించాకే ఇన్సూరెన్స్ ఆపాలి. ఆపగానే ముందే కట్టిన ప్రీమియంలో మిగిలింది వెనక్కి అడుగు, చాలామంది అడగరు.