ఇంజన్ దించే ముందు

ఒరే అబ్బాయీ,

మంచం, అల్మరాలు బిగించి ఇల్లులా మార్చుకున్న నీ క్యాంపర్ వ్యాన్‌కి ఇంజన్ బాగు చేయించాలా, వేరేది వేయించాలా అని అడిగావు. ముందు వ్యాన్ కిందికి దూరి చూడు. ఛాసీ, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు తినేసి ఉంటే ఇంజన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకు.

అక్కడ గట్టిగా ఉంటే కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించు. పెట్రోల్ ఇంజన్ అయితే వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు, కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే అనుమానించు. తగ్గిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలువు. రీడింగ్ పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే చాలావరకు హెడ్ గ్యాస్కెట్టే, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ. వాల్వులు, గ్యాస్కెట్ అయితే హెడ్ పనితో సరిపోతుంది, ఇంజన్ దించక్కర్లేదు.

ఇంజన్ వేడి మీద ఆయిల్ లైటు మినుకుతూ, కింద నుంచి దడదడ శబ్దం వస్తుంటే బేరింగులు పోయినట్టే, పూర్తి పని తప్పదు. పిస్టన్లు ముందు కొని, వాటి కొలతకు సిలిండర్లు తొలిపించు (బోర్ చేయించు). క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయిస్తే ఆ సైజు బేరింగులే వెయ్యాలి. బిగించినప్పుడు సాగే రకం హెడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు. అండాకారంగా అరిగిన బోర్‌లో రింగులు మాత్రం మారిస్తే నీలం పొగ తిరిగి వస్తుంది, అలా ఒప్పుకోకు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ త్వరగా ఎక్కుతుంది కానీ దాని గతం మనకు తెలియదు. కంప్రెషన్ చూడకుండా డబ్బివ్వకు. బిగించే ముందే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక క్రాంక్ సీలు, క్లచ్ ప్లేటు మార్చెయ్. వేరే రకం ఇంజన్ మాత్రం వద్దు: మౌంట్లు, గేర్‌బాక్స్ అతుకు, వైరింగు, బండి కాగితాలు, అన్నీ మారాలి. బ్లాకు పగలకుండా ఉండి, లేత్ పనివాడు నమ్మకస్తుడైతే నీ ఇంజన్‌నే చేయించమంటాను.

ఏది వేసినా, పాతది ఎందుకు పోయిందో తేల్చుకో. మంచం, అల్మరాలు, నీళ్ల ట్యాంకు మోస్తూ ఈ బండి ఎప్పుడూ నిండు బరువుతోనే ఎత్తులెక్కుతుంది. సగం పూడిన రేడియేటర్‌తో కొత్త ఇంజన్ కూడా మాడిపోతుంది. బేరింగు విరిగిన ఇంజన్ అయితే ఆయిల్ కూలర్లో లోహపు రజను ఉండిపోతుంది. కడిగితే పోదు, కూలరే మార్చు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పు. మొదటి 1000 కిలోమీటర్లు ఒకే వేగంతో నడపకు, బరువుతో ఘాట్లెక్కకు. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి లోపల లోహపు తునకలున్నాయేమో చూడు.

ఆశీస్సులతో,
బాబాయి