మామిడి ట్రఫుల్స్ చేస్తానన్న మేనకోడలికి

చిన్నూ,

నీ ఫ్రెండ్ నిశ్చితార్థానికి మామిడిపండు చాక్లెట్ ట్రఫుల్స్ నువ్వే చేసిస్తానని ఒప్పుకున్నావట, అదీ మే నెలలో! మీ నాన్న ఫోన్లో చెబుతుంటే ఒక పక్క పొంగిపోయాను, ఇంకో పక్క టెన్షన్ పట్టుకుంది. నీ చేతి మీద అనుమానం లేదే తల్లీ. నా భయమంతా మామిడి గుజ్జులో ఉండే నీళ్ల గురించే.

చాక్లెట్ సన్నగా తరగడం, క్రీము అంచుల్లో బుడగలు రాగానే దించి దాని మీద పొయ్యడం, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి ఉండలు చెయ్యడం, ఇవన్నీ నీకు ఫోన్లో వీడియోలే నేర్పుతాయి. తడి గరిటె మాత్రం పెట్టకు, కరిగిన చాక్లెట్‌లో ఒక్క చుక్క పడ్డా ముద్దకట్టి ఇసకలా అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, చెప్పదు కూడా. నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వదిన ఇవే చేసింది. మంచి బంగినపల్లి పళ్లు, మిక్సీలో వేస్తే ఇల్లంతా వాసన. ఉడికిస్తే ఆ వాసన పోతుందని మనసొప్పక పచ్చి గుజ్జునే కరిగిన వైట్ చాక్లెట్‌లో కలిపేసింది. లోపల జారుగా ఉన్నా పైన డార్క్ చాక్లెట్ పూత వేస్తే నిలబడ్డాయి, చూడ్డానికి ఎంత బాగున్నాయో! ఫ్రిజ్‌లో చోటు లేక డబ్బాలు అలమరలో పెట్టింది. రెండు రోజులు గడిచేసరికి లోపల గుజ్జు పులిసి, గ్యాస్ పట్టి పూతలు పగిలాయి, పసుప్పచ్చ నురగ కారింది. ఆ సంగతి తెలిసేలోపే అక్కడ పిల్లలు తినేశారు, రాత్రంతా వాంతులు. వాళ్లు ఒక్క మాట అనలేదు, అనకపోవడమే వదినకి ఎక్కువ బాధ. చాలాకాలం చాక్లెట్ జోలికే పోలేదు. అంత చెయ్యి తిరిగిన మనిషి, ఒక్కదానికే అలా ముడుచుకుపోతే నాకు కోపమొచ్చి తిట్టాను కూడా.

ఒక మాట మాత్రం వదిన అన్నది నిజమే, ఉడికిస్తే వాసన కొంత పోతుంది. అందుకే వెడల్పు మూకుడులో, సన్న సెగ మీద, గరిటె ఆపకుండా తిప్పు. 200 గ్రాముల గుజ్జు 100కి దిగాలి, కాటా మీద తూచి చూడు, కంటితో అంచనా వెయ్యకు. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేస్తే పండు రుచి మళ్లీ లేస్తుంది. తాండ్ర అంతకాలం నిలవ ఉండేది ఎండకి నీళ్లు పోవడం వల్లే కదా, ఆ తాండ్రనే సన్నగా తరిగి ఒక్కో ఉండలో రెండు ముక్కలు పెట్టి చూడు, నాకైతే గుజ్జుకంటే అదే ఇష్టం.

300 గ్రాముల వైట్ చాక్లెట్‌కి చిక్కబడ్డ గుజ్జు, క్రీము కలిపి 100 గ్రాములు దాటకూడదు. డార్క్ అయితే ఇంకాస్త పడుతుంది. మామిడి అయిపోయాక పైనాపిల్ మొదలుపెడతావు, నాకు తెలుసు నీ సంగతి. దాన్ని పచ్చిగా క్రీములో కలిపితే అందులో ఉండే ఎంజైమ్ పాలని విరగ్గొట్టి చేదు చేస్తుంది, ముందు బాగా ఉడికించాలి.

లోపలికి లేబుల్ మీద కోకో బటర్ అని ఉన్న చాక్లెట్టే కొను. పై పూతకి కాంపౌండ్, అదే కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసి చేసే చాక్లెట్, వాడినా నేనేమీ అనను. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మీ హైదరాబాదు మూడో అంతస్తు వంటింట్లో మే నెలలో దాన్ని టెంపర్ చేస్తానంటే, అంటే పూత మెరుస్తూ గట్టిపడేలా లెక్కగా కరిగించి చల్లారుస్తానంటే, నేను నవ్వుతాను. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కోకో పండుతుంది గానీ, ఆ ఎండకి చాక్లెట్ మాత్రం ఓర్చుకోదు.

చేసినవి మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తియ్యకు, తీస్తే పైన చెమట పడుతుంది. ఫంక్షన్ ముందు రోజు రాత్రి చెయ్యి, అంతకన్నా ముందు వద్దు. ఐస్ పెట్టెలో తీసుకెళ్లు, మిగిలినవి మూడు నాలుగు రోజుల్లో తినెయ్యమని వాళ్లకి డబ్బా మీదే రాసివ్వు. సిగ్గుపడకు, రాయి.

కాటా లేకపోతే చెప్పు. మీ మామయ్య ఆదివారం అటు వస్తున్నారు, మాది పంపిస్తాను. తిరిగి పంపాలి మరి, మీ నాన్న పట్టుకెళ్లిన గ్రైండర్ ఇంకా రాలేదు.

అత్త