బ్యాండికూట్ పంచాయితీలో ఇద్దరూ గెలిచారు

అన్నగారూ, బ్యాండికూట్ అంటే మన పందికొక్కేనని మీరు, కాదు సంచి జంతువని సిడ్నీలో చదువుతున్న మీ అమ్మాయి ఫోనులో వాదించుకున్నామని రాశారు. ఇద్దరిదీ నిజమే.

మాట మాత్రం అచ్చంగా మనది. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటలకు 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, ఇది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని, ‘పంది ఎలుక’ అని అర్థం కూడా చెప్పింది. మీదికి వెళితే అది పందిలా గుర్రుమంటుంది మరి. గుంటూరులో మా తాతగారి మిర్చి కొట్టు వెనక గోడ కింద బొరియ తవ్విన ఒక ఘనాపాఠీ గుర్రు చిన్నప్పుడు స్వయంగా విన్నాను. చేతిలో కర్ర వదిలేసి పరుగెత్తాను.

ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఒక జీవిని చూసి, తెలిసిన పేరే తగిలించారు. రెండింటికీ చుట్టరికం లేదు. మనది ఎలుకల జాతి. అది కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. తవ్విన మట్టి పిల్లల మీద పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

అమ్మాయి ఇంకా ఒప్పుకోకపోతే, మన పందికొక్కుల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బ్యాండికోటా అని చెప్పండి. బదులుగా ఆమె మీకు అక్కడి వాడుక ఒకటి చెప్పవచ్చు: పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు కాజేయడాన్ని ఆస్ట్రేలియాలో ‘బ్యాండికూట్ చేయడం’ అంటారు.