స్మార్ట్ స్పీకర్ పలకట్లేదా? రీసెట్ కొట్టే ముందు అది ఏం విన్నదో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారి కోసం పెట్టిన ఎకో డాట్ (అమెజాన్ వాళ్ళ అలెక్సా స్పీకర్) పిలిస్తే ఒకసారి పలుకుతోంది, ఒకసారి పలకట్లేదు. హాల్లో లైటు వేయమంటే ఆ పరికరం స్పందించట్లేదని చెబుతోంది. రీసెట్ చేస్తే రెండ్రోజులు బాగానే ఉండి మళ్ళీ మొదటికొచ్చింది. పాడైనట్టేనా, కొత్తది కొనాలా?

ఇప్పుడే కొనకండి. మళ్ళీ రీసెట్ కూడా చేయకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, స్పీకర్ పాడవకుండానే రెండూ వస్తాయి.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రాత్రి లేచి చీకట్లో స్విచ్ కోసం తడుముకోకూడదని విజయవాడ ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు మాటతో పనిచేసేలా పెట్టాను. నేనుండేది హైదరాబాద్‌లో కాబట్టి ఏ తేడా వచ్చినా ఫోన్‌లోనే కనిపెట్టాలి. అలా తెలిసొచ్చినవే రాస్తున్నాను.

ముందు ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 'అలెక్సా' అన్న పిలుపును స్పీకర్ తనంతట తానే గుర్తుపడుతుంది. ఆ తర్వాత మాట్లాడింది మాత్రం నెట్ ద్వారా అమెజాన్ సర్వర్లకి వెళ్ళి, అక్కడ మాటలుగా మారుతుంది. మామూలు వైఫై బల్బయితే ఆ ఆర్డరు అక్కడి నుంచి బల్బు కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, తిరిగి మీ రౌటర్ మీదుగా బల్బుకి చేరుతుంది. కాబట్టి స్పీకర్ అసలు వినలేదా, విని వేరేలా అనుకుందా, సరిగ్గా అర్థం చేసుకున్నా బల్బుకి చేరలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా ఏం చేసినా చీకట్లో రాయి వేసినట్టే.

విన్నదో లేదో లైటు రంగే చెబుతుంది. ఎకోలో పిలవగానే నీలం వెలిగితే విన్నట్టు. ఎరుపు వెలుగుతూ ఉంటే మైక్ ఆఫ్‌లో ఉంది, పైనున్న మైక్ బటన్ నొక్కితే సరిపోతుంది. అమ్మావాళ్ళింట్లో పనమ్మాయి దుమ్ము తుడిచిన రోజున ఇది మామూలే. పసుపు మెరుస్తుంటే నోటిఫికేషన్ వచ్చిందని. నారింజ రంగు గుండ్రంగా తిరుగుతుంటే ఇంకా వైఫైకి కనెక్ట్ అవుతోందని. గూగుల్ నెస్ట్ మినీలో అయితే నారింజ చుక్కలు కనబడితే మైక్ ఆఫ్‌లో ఉన్నట్టు. ఈ రంగుల సంగతి ఒక కాగితం మీద రాసి స్పీకర్ దగ్గర అంటించండి. నాన్నగారు ఫోన్‌లో రంగు చెబితే చాలు, మీకు సగం విషయం తెలిసిపోతుంది.

నీలమే వెలగట్లేదంటే మాట చేరట్లేదు. టీవీ పక్కనుంచి, నేరుగా సీలింగ్ ఫ్యాన్ కింద నుంచి, గోడ గూట్లోంచి తీసి వేరేచోట పెట్టి చూడండి. గోడకి కనీసం 8 అంగుళాల దూరం ఉంచమని అమెజాన్ వాళ్ళే చెబుతారు. ఫ్యాన్ అయిదులో తిరుగుతూ, టీవీ మోగుతూ ఉంటే పెద్దవాళ్ళ మెల్లని గొంతు దానికి అందదు. అమ్మ మంచం పక్కనున్న చిన్న స్టూలు మీదికి మార్చాక మాకు గట్టిగా అరవాల్సిన పని తప్పింది.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది ఒక్కసారి కూడా తెరవనిది వాయిస్ హిస్టరీ. అలెక్సా యాప్‌లో 'మోర్'కి వెళ్ళి, సెట్టింగ్స్‌లో 'అలెక్సా ప్రైవసీ', అందులో 'రివ్యూ వాయిస్ హిస్టరీ' చూడండి. అది ఏం విన్నదో అక్షరాల్లో ఉంటుంది, మీ రికార్డింగ్ కూడా వినొచ్చు. గూగుల్ అయితే మీ అకౌంట్‌లోని 'మై యాక్టివిటీ'లో చూడొచ్చు. అమ్మ "వంటింట్లో లైటు ఆన్" అంటే అక్కడ "వన్ టిన్ లో లైట్ ఆన్" అని కనిపించింది. స్పీకర్ చెవిలో లోపం లేదు, మేం పెట్టిన పేరే దానికి కొత్త. అలెక్సాలో మన దేశానికి ఉన్న భాషలు ఇంగ్లీష్, హిందీ. తెలుగు పేరు పెడితే దాన్ని ఇంగ్లీష్ మాటగా వినడానికే చూస్తుంది. 'కిచెన్ లైట్', 'హాల్ ఫ్యాన్' లాంటి పేర్లు పెట్టండి, అవి మనం రోజూ వాడే మాటలే. ఒకే పేరు రెండింటికి ఉండకూడదు. గదికీ బల్బుకీ ఒకే పేరున్నా ఏది కావాలో తేల్చుకోలేక ఎదురు ప్రశ్న వేస్తుంది.

ఆ స్పీకర్ అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిందైతే ఇంకో రెండు చూడాలి. భాష అమెరికా ఇంగ్లీష్‌లో ఉండిపోతుంది, యాప్‌లో ఆ డివైస్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇండియా ఇంగ్లీష్ చేయండి. మన యాసకి అదే నయం. లొకేషన్, టైమ్ జోన్ కూడా ఇక్కడివి పెట్టండి, లేకపోతే వాతావరణం అడిగితే డల్లాస్ సంగతి చెబుతుంది. అమెజాన్ అకౌంట్ దేశం కూడా అమెరికాలోనే ఉంటే ఇక్కడి పాటల సర్వీసులు సరిగ్గా రావు.

పెద్దవాళ్ళ విషయంలో ఒక మాట. నెట్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఎకో "సారీ, అయామ్ హావింగ్ ట్రబుల్ అండర్‌స్టాండింగ్ రైట్ నౌ" అంటుంది. అది విని తమ ఇంగ్లీష్ బాలేదనుకుని అసలు మాట్లాడటమే మానేస్తారు. అమ్మ కూడా కొన్నాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేసి, మళ్ళీ గోడ పట్టుకుని స్విచ్ దాకా నడిచింది. నాకు చాలా బాధేసింది. నాన్నగారికి దయచేసి ముందే చెప్పండి, ఆ మాట వస్తే చూడాల్సింది వైఫై, ఆయన మాటలో తప్పేం లేదు. అలాగే పిలిచాక ఆలోచిస్తూ ఆగితే అది వినడం ఆపేస్తుంది. పొడుగు వాక్యం కష్టమైతే యాప్‌లో 'రొటీన్' పెట్టేయండి. "అలెక్సా, గుడ్ నైట్" అనగానే హాల్లో లైట్లు ఆరిపోయి, బాత్‌రూమ్ లైటు వెలిగేలా చేయొచ్చు. జవాబు వేగంగా వస్తోందంటే "స్పీక్ స్లోవర్" అంటే నెమ్మదిస్తుంది.

ఇక లైటు సంగతి. హిస్టరీలో "హాల్ లైట్ ఆన్" అని సరిగ్గానే ఉండి కూడా స్పందించట్లేదని చెబితే, ముందు స్విచ్‌బోర్డు చూడండి. మన ఇళ్ళల్లో పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపేయడం అలవాటు. స్మార్ట్ బల్బుకి కరెంటే లేకపోతే దానికి మాట ఎలా అందుతుంది? ఆ అలవాటు మానమని పెద్దవాళ్ళకి చెప్పడం కంటే, స్విచ్‌బోర్డు లోపల స్మార్ట్ మాడ్యూల్ పెట్టించడం మేలు. గోడ స్విచ్ కూడా పనిచేస్తుంది, మాటా పనిచేస్తుంది. చాలా మాడ్యూళ్ళకి బోర్డులో న్యూట్రల్ వైర్ కావాలి, అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే కొనండి.

స్విచ్ ఆన్‌లోనే ఉంటే రౌటర్ వైపు చూడాలి. వైఫై బల్బులు, ప్లగ్గులు ఎక్కువ భాగం రౌటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ వాటికి కనబడదు. రౌటర్ రెండింటినీ ఒకే పేరుతో ఇస్తుంటే, 2.4కి వేరే పేరు పెట్టి బల్బుల్ని దానికి కలపండి. అపార్ట్‌మెంట్లో చుట్టూ వైఫైలు ఎక్కువుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కి ఛానెల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. ఫైబర్ అబ్బాయి కొత్త రౌటర్ పెడితే పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే పెట్టించుకోండి. మారితే ప్రతి బల్బునీ మొదట్నుంచీ కలపాలి.

రీసెట్ చేశాక రెండ్రోజులే బాగుందన్నారు కదా, ఆ మధ్యలో కరెంటు పోయిందేమో నాన్నగారిని అడగండి. నాకైతే ముందుగా అనుమానం దాని మీదే. కరెంటు రాగానే స్పీకరూ బల్బులూ లేస్తాయి, రౌటర్‌కి నెట్ అందడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు పట్టు తప్పిన బల్బు ఒక్కోసారి మళ్ళీ కలవదు. రౌటర్‌ని, ఫైబర్ డబ్బాని ఇన్వర్టర్ లైన్‌కి మార్పించండి, లేదా రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. అమ్మావాళ్ళింట్లో ఫోన్ కాల్స్ బాగా తగ్గింది ఇది చేశాకే.

బల్బు యాప్ పాస్‌వర్డ్ మార్చి ఉంటే, అలెక్సా యాప్‌లో ఆ బల్బు కంపెనీ 'స్కిల్'ని (రెండింటినీ కలిపే లింకు) ఒకసారి డిసేబుల్ చేసి ఎనేబుల్ చేయాలి. అరుదుగా లోపం సర్వర్లదే అవుతుంది. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లో వచ్చిన అంతరాయంతో అలెక్సా కూడా ఇబ్బంది పడింది. అలాంటి రోజు ఇంట్లో ఏదీ కదపకుండా ఆగడమే మంచిది.

ఇవన్నీ అయ్యాక కూడా అనుమానం ఉంటే, స్పీకర్‌ని ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మూడడుగుల దూరం నుంచి పిలవండి. అక్కడ బాగా పలికితే స్పీకర్ బాగున్నట్టే, డబ్బులు రౌటర్ మీద పెట్టండి. అక్కడ కూడా నీలం వెలగకపోతే మైక్ పోయిందనుకోవచ్చు. వారంటీ ఉంటే మార్పించండి, లేకపోతే అప్పుడు కొత్తది కొనండి.